టోకెన్ ఇవ్వడం ఒక పూట పని, వెనక్కి తీసుకోవడానికే రెండేళ్ళు

(శ్రీకాకుళంలో వెబ్ అప్లికేషన్లు రాసే విద్యార్థులు, యువ ప్రోగ్రామర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకు భోజనాల తరువాత సమయం ఇచ్చారు. ముద్దపప్పు, వంకాయ కూర తిని కూర్చున్నవారికి సర్వర్ల గురించి చెప్పమనడం నాకు వేసిన శిక్షా, మీకు వేసిన శిక్షా అన్నది వారే చెప్పాలి. (నవ్వులు) నిద్ర వస్తే పోండి, ఏమీ అనుకోను. కానీ పోయే ముందు ఒక్క మాట వినండి. టోకెన్లు, అంటే అప్లికేషన్లకు రాసిచ్చే అనుమతి చీటీలు, ఇచ్చే సర్వర్ రాయడం నాకు ఒక పూట పట్టింది. ఇచ్చిన టోకెన్‌ను సరిగ్గా రద్దు చేయడం నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఈ రోజు చెప్పేదంతా ఆ రెండేళ్ళ గురించే.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఉన్నారు. పేరు చెప్పను, ఆయనకు ఇష్టం ఉండదు. ఆయన తరఫున ఏడుగురు ఏజెంట్లు ఉద్దానం ఊళ్ళు తిరిగి జీడిపిక్కలు కొంటారు. రైతు ఇంటి ముందే తూకం వేసి, 80 కిలోల బస్తా లెక్కన ఫోనులో నమోదు చేస్తారు. కార్యాలయంలో గుమస్తా కంప్యూటర్‌లో ఆ లెక్కలు సరిచూస్తాడు. విశాఖపట్నంలో ఉన్న ఆడిటర్‌కు నెలకోసారి అవే లెక్కలు కావాలి. అంటే ఏజెంట్ల ఫోను అప్లికేషన్ ఒకటి, గుమస్తాకు వెబ్ అప్లికేషన్ ఒకటి, ఆడిటర్ వాడే వేరే సాఫ్ట్‌వేర్ ఒకటి. మూడింటి వెనుకా ఉన్నది ఒకటే డేటాబేసు.

నేను మొదట రాసి ఇచ్చినదానిలో అందరికీ కలిపి ఒకే పాస్‌వర్డు ఉండేది. దాన్ని కార్యాలయం గోడకు వేలాడే క్యాలెండర్ మీద రాసుకున్నారు. ఆ క్యాలెండర్ మీద బొమ్మ అరసవల్లి సూర్యనారాయణ స్వామిది. సూర్య కిరణాలు స్వామి పాదాలను ఏడాదిలో మార్చిలోనూ అక్టోబరులోనూ మాత్రమే తాకుతాయి. మా పాస్‌వర్డు మీద మాత్రం వచ్చేపోయే వారందరి చూపూ ప్రతి రోజూ పడేది. (నవ్వులు) ఆడిటర్ ఫోను చేసి లెక్కలు అడిగితే వ్యాపారి ఆ పాస్‌వర్డే చదివి వినిపించారు. లెక్క చూడవలసిన మనిషికి లెక్క మార్చే అధికారం కూడా చేతికి వచ్చింది. ఆయన మంచివారు కాబట్టి మార్చలేదు. మనుషుల మంచితనం మీద నడిచే భద్రతను భద్రత అనలేం.

ఇది పలాసకు మాత్రమే పట్టిన జాడ్యం కాదు. ఒకప్పుడు పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కూడా మీ స్నేహితులను వెతికిపెడతాం, మీ ఈమెయిల్ పాస్‌వర్డు ఇవ్వండి అని నిస్సంకోచంగా అడిగేవి. జనం ఇచ్చేవారు కూడా. ఆ అలవాటును మాన్పడానికి పుట్టినదే ఓఆథ్. తొలి రూపం 2007లో వచ్చింది. ఇప్పుడు మనం వాడే రెండో రూపం 2012 అక్టోబరులో, ఇంటర్నెట్ పద్ధతులను రాసిపెట్టే ఆర్‌ఎఫ్‌సీ పత్రాల్లో 6749వదిగా వెలువడింది. దాని సారమంతా ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: పాస్‌వర్డును ఒకే చోట అడగాలి, మిగిలిన వారందరికీ పరిమితమైన అనుమతి చీటీ మాత్రమే ఇవ్వాలి. ఆ చీటీయే టోకెన్. చీటీలు రాసి ఇచ్చే గుమ్మమే ఆథరైజేషన్ సర్వర్.

ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీసుకోవాలి. నువ్వెవరు అన్నది ఒకటి. ఇక్కడ నువ్వు ఏమేమి చేయవచ్చు అన్నది మరొకటి. మొదటి దానికి జవాబు దొరకకపోతే సర్వర్ 401 అనే సంకేత సంఖ్యతో జవాబిస్తుంది. నువ్వెవరో తెలుసు కానీ ఈ పనికి నీకు అనుమతి లేదు అనవలసి వస్తే 403 అంటుంది. విచిత్రం ఏమిటంటే, 401కి పెట్టిన ఇంగ్లీషు పేరు, అన్ఆథరైజ్డ్ (అనుమతి లేదు), రెండో ప్రశ్నకు సరిపోయేది. పేరు పెట్టినవారు పొరబడ్డారు, తరతరాల విద్యార్థులు ఇంటర్వ్యూలలో తడబడుతున్నారు. మీరు తడబడకండి.

టోకెన్లలో రెండు జాతులు ఉన్నాయి. ఇక్కడి నుంచి పలాసకు ఆర్టీసీ బస్సు ఎక్కారనుకోండి. కండక్టర్ ఇచ్చిన టికెట్ మీద ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీ, ఎంత సొమ్ము అన్నీ అచ్చయి ఉంటాయి. దారిలో తనిఖీ అధికారి ఎక్కితే డిపోకు ఫోను చేయనక్కరలేదు, టికెట్ చూస్తే చాలు. ఇది మొదటి జాతి. రైల్వే స్టేషన్ దగ్గర బళ్ళు పెట్టుకునే స్టాండులో ఇచ్చే అట్టముక్క రెండో జాతి. దాని మీద ఒక అంకె తప్ప ఏమీ ఉండదు. ఆ అంకె ఏ బండిదో స్టాండు అతని పుస్తకంలోనే ఉంటుంది. అట్టముక్క మీకు దొరికినా, పుస్తకం లేకపోతే అది వట్టి అట్టముక్కే.

రెండింటికీ ఒక పోలిక కూడా ఉంది. ఎవరి చేతిలో ఉంటే వారిదే. స్టాండు అతను మీ ముఖం చూడడు, అట్టముక్క చూస్తాడు. ఇలాంటివాటిని బేరర్ టోకెన్లు అంటారు, ఆర్‌ఎఫ్‌సీ 6750 వాటి గురించే. అందుకే టోకెన్ ప్రయాణించే దారి మొత్తం, దారిలో ఎవరూ చదవలేకుండా పంపే హెచ్‌టీటీపీఎస్ అయి ఉండాలి. టోకెన్‌ను వెబ్ చిరునామాలో పెట్టకూడదు, చిరునామాలన్నీ ఎవరు ఏమి అడిగారో సర్వర్ రాసుకునే లాగ్ ఫైళ్ళలోకి, బ్రౌజర్ చరిత్రలోకి ఎక్కి కూర్చుంటాయి.

నా రెండో ప్రయత్నంలో బస్సు టికెట్ల జాతిని ఎంచుకున్నాను. దాని పేరు జేడబ్ల్యూటీ, అంటే జేసన్ వెబ్ టోకెన్. దాన్ని జాట్ అని పలకమని 2015 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7519 స్వయంగా చెబుతుంది. చుక్కలతో విడిపోయిన మూడు ముక్కలు: శీర్షిక, విషయం, సంతకం. సంతకం సరిపోతే నమ్మాలి, డేటాబేసును అడగనక్కరలేదు. చదవగానే ముచ్చట వేసింది. ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి పూర్తి చేశాను. టోకెన్ ఆయుష్షు ముప్పై రోజులు పెట్టాను, ఏజెంట్లు మాటిమాటికీ లాగిన్ కావడం ఇష్టపడరు కదా అని.

ఒక ఏజెంటు మానేశాడు. మానేసి పోటీ వ్యాపారి దగ్గర చేరాడు. గుమస్తా ఆ రోజే అతని ఖాతా తీసేశాడు. రెండు వారాల తరువాత వ్యాపారి నాకు ఫోను చేశారు. "బాబూ, మనం పొద్దున ఏ ధర పెడితే వాళ్ళు మధ్యాహ్నానికి బస్తాకు యాభై రూపాయలు ఎక్కువ పెడుతున్నారు. రోజూ ఇదే వరస. ఎలా తెలుస్తోంది?" అన్నారు. లాగ్ ఫైలు తెరిచి చూశాను. తీసేసిన ఖాతా పేరుతో రోజూ ఉదయం తొమ్మిదింటికి ధరల పట్టిక చదువుతున్నారు. ఖాతా లేదు కానీ టోకెన్ ఉంది. సంతకం సరిగ్గా ఉంది, గడువు మిగిలి ఉంది. నా సర్వర్ మర్యాదగా ధరలు చెబుతోంది. టికెట్ ఇచ్చిన తరువాత డిపోను అడగనక్కరలేదని మురిసిపోయాను కదా, డిపో వద్దన్నా ఆ టికెట్ చెల్లుతుందని ఆలోచించలేదు. చివరికి సంతకానికి వాడే రహస్య తాళాన్నే మార్చేశాను. ఆ ఒక్కడిని బయట పెట్టడానికి మిగిలిన ఆరుగురినీ, గుమస్తానూ, ఆడిటర్‌నూ కూడా బయట పెట్టాను. అది కొనుగోళ్ళు జోరుగా సాగే కాలం. ఆ రోజు నాకు పడిన చీవాట్లు ఇక్కడ చెప్పను.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. టోకెన్‌లో ఏజెంటు ఫోను నంబరు పెట్టాను. జేడబ్ల్యూటీలో అక్షరాలు గజిబిజిగా కనిపిస్తాయి కాబట్టి రహస్యం అనుకున్నాను. మామూలు జేడబ్ల్యూటీలో ఉన్నది వట్టి లిపి మార్పిడి మాత్రమే, ఎవరైనా విప్పి చదువుకోవచ్చు. సంతకం మార్పులను పట్టిస్తుంది, విషయాన్ని దాచదు. పైగా శీర్షికలో ఏ పద్ధతిలో సంతకం చేశారో రాసుకునే చోటు ఉంటుంది. అక్కడ "ఏ పద్ధతీ లేదు" అని రాసి సంతకం తీసేసి పంపితే, కొన్ని లైబ్రరీలు సరేనని నమ్మేసేవి. 2015లో ఈ లోపం బయటపడి పెద్ద చర్చ జరిగింది. దొంగ తెచ్చిన చీటీలో "దీన్ని తనిఖీ చేయనక్కరలేదు" అని ఉంటే మనం ఒప్పుకోవడం లాంటిది అది. ఏ పద్ధతిని అంగీకరించాలో మీ సర్వర్ ముందే ఖాయం చేసుకోవాలి, టోకెన్‌ను అడగకూడదు.

మూడోసారి అట్టముక్కల జాతికి మారాను. ఏడుగురు ఏజెంట్లు ఉన్న వ్యాపారానికి డేటాబేసును ఒకసారి అడగడం భారం కానే కాదు. ఇప్పుడు అది ఎలా ఉందో చెబుతాను, రాసుకునేవారు రాసుకోండి.

నాలుగు పట్టికలు. వినియోగదారులు, అప్లికేషన్లు, తాత్కాలిక కోడ్‌లు, టోకెన్లు. బయటకు కనిపించే గుమ్మాలు కూడా నాలుగే: అనుమతి అడిగేది, టోకెన్ ఇచ్చేది, టోకెన్ చెల్లుతుందా అని విచారించేది, రద్దు చేసేది. చివరి రెండింటికీ పద్ధతి చెప్పే పత్రాలు ఉన్నాయి, ఆర్‌ఎఫ్‌సీ 7662, 7009. సొంత పద్ధతి కనిపెట్టకండి.

ఆడిటర్ సాఫ్ట్‌వేర్‌కు లెక్కలు కావాలి అనుకుందాం. అది వ్యాపారి బ్రౌజర్‌ను మన అనుమతి గుమ్మానికి పంపుతుంది. పాస్‌వర్డు అక్కడే, మన పేజీలోనే అడుగుతాం. "వీరు లెక్కలు చదవాలంటున్నారు, మార్చలేరు, ఇవ్వమంటారా?" అని చూపిస్తాం. సరే అంటే బ్రౌజర్‌ను ఒక తాత్కాలిక కోడ్‌తో ఆడిటర్ సాఫ్ట్‌వేర్ దగ్గరికి వెనక్కి పంపుతాం, ఆ కోడ్ ఇచ్చి అది టోకెన్ తీసుకుంటుంది. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన బంధువులు శ్రీకాకుళానికి టికెట్ తీసుకుంటే రైలు ఆమదాలవలసలో దింపుతుంది కదా, శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ అక్కడే ఉంది. దిగి, అక్కడి నుంచి ఊళ్ళోకి రావాలి. మొదటిసారి వచ్చినవారు కంగారు పడతారు. లాగిన్ కోసం వేరే చోటుకు వెళ్ళి తిరిగి రావడం చూసి మా వ్యాపారి కూడా అలాగే కంగారు పడ్డారు. "మన పేజీ ఎటు పోయింది?" అన్నారు.

ఆ తిరుగు దారే ప్రమాదకరమైన చోటు. కోడ్‌ను ఏ చిరునామాకు పంపాలో అప్లికేషన్ ముందే నమోదు చేసుకుని ఉండాలి. వచ్చిన చిరునామాను నమోదైన దానితో అక్షరం అక్షరం సరిపోల్చాలి. మొదటి కొన్ని అక్షరాలు కలిస్తే చాలు అనుకుంటే, మీ చిరునామాకు ఒక తోక తగిలించి ఇంకెవరో తమ సర్వర్‌కు కోడ్ తెప్పించుకుంటారు.

కోడ్ ఆయుష్షు పది నిమిషాలకు మించకూడదని ఆర్‌ఎఫ్‌సీ 6749 సిఫారసు. నేను ఒక్క నిమిషం పెట్టాను, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఒక్కసారే వాడాలి. రెండోసారి వస్తే తిరస్కరించి, మొదటిసారి దాని మీద ఇచ్చిన టోకెన్లను కూడా రద్దు చేయాలి, ఎవరో కాజేశారని అర్థం కాబట్టి. దీనికి తోడు పీకేసీఈ అనే రక్షణ ఉంది, పిక్సీ అని పలుకుతారు. అప్లికేషన్ మొదట ఒక రహస్య పదాన్ని పుట్టించుకుంటుంది, కనీసం 43 అక్షరాలు ఉండాలి. దాని షా 256 హ్యాష్‌ను, అంటే దాని నుంచి లెక్క కట్టిన, వెనక్కి విప్పలేని ముద్రను మాత్రం అనుమతి అడిగేటప్పుడు పంపుతుంది. కోడ్ ఇచ్చి టోకెన్ తీసుకునేటప్పుడు అసలు పదాన్ని చూపిస్తుంది. దారిలో కోడ్ కొట్టేసినవారి దగ్గర ఆ పదం ఉండదు. ఫోను అప్లికేషన్ల కోసం 2015లో వచ్చిన ఈ పద్ధతిని ఇప్పుడు అన్నింటికీ వాడమంటున్నారు. అదే ఊపులో, వినియోగదారు పాస్‌వర్డును అప్లికేషనే తీసుకుని సర్వర్‌కు అందించే పాత పద్ధతిని వాడకూడదని 2025 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9700 తేల్చి చెప్పింది.

ఇక టోకెన్ అంటే ఏమిటి? ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే 32 యాదృచ్ఛిక బైట్లు, అంతే. తేదీ, ఖాతా నంబరు కలిపి అల్లకండి, ఊహించేస్తారు. డేటాబేసులో టోకెన్‌ను ఉన్నది ఉన్నట్టు దాచకండి, దాని షా 256 హ్యాష్‌ను దాచండి. ఎవరైనా డేటాబేసు నకలు ఎత్తుకెళ్ళినా అందులో పనికొచ్చే టోకెన్ ఒక్కటీ ఉండదు.

(సభ నుంచి: పాస్‌వర్డులకు కూడా షా 256 సరిపోతుందా సార్?)

మంచి ప్రశ్న, సరిపోదు. టోకెన్ 256 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య, దాన్ని ఊహించి ప్రయత్నించడం ఎవరి వల్లా కాదు. కాబట్టి వేగంగా పనిచేసే హ్యాష్ అయినా ఫరవాలేదు. పాస్‌వర్డును మనిషి పెట్టుకుంటాడు. కూతురి పేరు, పుట్టిన సంవత్సరం. అలాంటివి కోట్ల కొద్దీ ప్రయత్నించడం యంత్రానికి తేలిక. అందుకే అక్కడ కావాలని నెమ్మదిగా పనిచేసే బీక్రిప్ట్ కానీ, 2015లో పాస్‌వర్డు హ్యాషింగ్ పోటీలో గెలిచిన ఆర్గాన్2 కానీ వాడాలి. ఒక హెచ్చరిక: బీక్రిప్ట్ 72 బైట్ల వరకే చూస్తుంది. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు. "శ్రీ" ఒక్కటే నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. తెలుగులో పొడవైన వాక్యాన్ని పాస్‌వర్డుగా పెట్టుకున్నవారికి చివరి మాటలు లెక్కలోకే రావు. 

ప్రతి పనికీ చూపించే యాక్సెస్ టోకెన్‌కు పదిహేను నిమిషాల ఆయుష్షు పెట్టాను. అది అయిపోతే, దానితో పాటే ఇచ్చిన రిఫ్రెష్ టోకెన్ చూపించి కొత్తది తీసుకోవాలి. వాడిన ప్రతిసారీ రిఫ్రెష్ టోకెన్‌ను కూడా మార్చేస్తాం. పాతది మళ్ళీ ఎవరైనా తెస్తే దొంగతనం కింద లెక్కగట్టి, దాని నుంచి పుట్టిన టోకెన్ల వంశం మొత్తాన్ని రద్దు చేస్తాం. పుస్తకంలో చదివితే చాలా అందంగా ఉంటుంది. కవిటి వైపు కొబ్బరి తోటల్లో మాత్రం వేరేగా ఉంది.

ఏజెంటు ఫోను పాత రిఫ్రెష్ టోకెన్ పంపింది. సర్వర్ దాన్ని మార్చి కొత్తది పంపింది. ఆ జవాబు ఫోనుకు చేరే లోపు సిగ్నల్ పోయింది. సిగ్నల్ వచ్చాక ఫోను తన దగ్గర ఉన్న పాతదాన్నే మళ్ళీ పంపింది. సర్వర్ దొంగ, దొంగ అని అరిచి అతన్ని బయటికి నెట్టింది. తూకం వేసే కాటా ముందు రైతు నిలబడి ఉన్నాడు, ఏజెంటు పాస్‌వర్డు గుర్తు తెచ్చుకుంటున్నాడు. వారంలో మూడు నాలుగు సార్లు ఇదే తంతు. నేను ఊళ్ళో కూర్చుని పరీక్షిస్తే ఒక్కసారి కూడా జరగలేదు. బస్సెక్కి అక్కడికి వెళ్ళి ఒక రోజు అతనితో తిరిగితే అర్థమైంది.

ఇప్పుడు ఏమి చేస్తున్నానంటే, కొత్త టోకెన్ కనీసం ఒక్కసారి వాడే వరకు, లేదా ఒక నిమిషం వరకు, దాని ముందరి దాన్ని క్షమిస్తాను. రెండు మెట్లు వెనుకది వస్తే మాత్రం క్షమించను. భద్రత కొంచెం తగ్గింది, నిజమే. కానీ అమాయకుడిని రోజూ బయటికి నెట్టే తలుపును మనుషులు కర్ర అడ్డం పెట్టి తెరిచే ఉంచుతారు. మా గుమస్తా అప్పటికే అందరి పాస్‌వర్డులూ ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు. 

గడియారం గురించి ఒక మాట. టోకెన్ గడువును 1970 జనవరి 1 నుంచి యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం లెక్కన గడిచిన సెకన్లలో రాస్తారు. నేను ఒక చోట మన గోడ గడియారం సమయాన్నే యూటీసీ అనుకుని లెక్క కట్టాను. అయిదున్నర గంటలు, అంటే 19,800 సెకన్లు అదనంగా కలిశాయి. గంట బతకవలసిన టోకెన్ ఆరున్నర గంటలు బతికింది. గడువు తగ్గి ఉంటే ఎవరో ఒకరు వెంటనే అరిచేవారు. పెరిగింది కాబట్టి నెలల తరబడి ఎవరికీ తెలియలేదు.

అట్టముక్కల పద్ధతికి ఒక బలహీనత ఉంది, దాచను. పుస్తకం పోతే అన్ని బళ్ళూ నిలిచిపోతాయి. ఆథరైజేషన్ సర్వర్ పడుకుంటే మూడు అప్లికేషన్లూ పడుకుంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు, ఫోన్లు ఎన్నాళ్ళు లేవో మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. అందుకని విచారించిన జవాబును అప్లికేషన్ ఒక నిమిషం గుర్తు పెట్టుకుంటుంది. ఏజెంటు ఫోను మాత్రం సిగ్నల్ లేకపోయినా తూకాలు తనలోనే దాచుకుని తరువాత పంపుతుంది. జవాబును ఒక నిమిషం గుర్తు పెట్టుకోవడం అంటే రద్దు చేసిన టోకెన్ కూడా గరిష్ఠంగా ఒక నిమిషం పనిచేస్తుంది. ముప్పై రోజుల నుంచి ఒక నిమిషానికి వచ్చాను, నాకు చాలు. బ్యాంకుకైతే చాలకపోవచ్చు.

(సభ నుంచి: కీక్లోక్ లాంటి తయారు లాగిన్ సర్వర్లు ఉచితంగా దొరుకుతుండగా సొంతంగా రాయడం ఎందుకు?)

నేర్చుకోవడానికి రాయండి. పనిలో పెట్టడానికి రెండుసార్లు ఆలోచించండి. పాస్‌వర్డు మరచిపోయినవారి సంగతి, రెండో అంచె తనిఖీ, వేరే సంస్థల లాగిన్లు కావాలంటే తయారుగా ఉన్నదే పెట్టుకోండి. మా వ్యాపారికి అవేమీ అక్కరలేదు. పాస్‌వర్డు మరచిపోతే కార్యాలయానికి నడిచి వస్తారు, గుమస్తా ముఖం చూసి మారుస్తాడు. అంతకంటే నమ్మకమైన తనిఖీ నేను రాయలేను. (నవ్వులు)

(సభ నుంచి: ధరలు చూసిన ఆ ఏజెంటు ఏమయ్యాడు సార్?)

మరుసటి ఏడాది సీజనుకు తిరిగి వచ్చాడు. వ్యాపారి పెట్టుకున్నారు, మనిషి తూకంలో మోసం చేయడు, ఆ పేరుంది. కొత్త ఫోనుతో కొత్తగా అనుమతి ఇచ్చాం. టోకెన్ల పట్టికలో అతని పేరున ఇంకో వరుస పడింది. రద్దు చేసిన వరుసలను మేము చెరిపివేయం, రద్దు చేసిన సమయం రాసి ఉంచుతాం. ఏ ఫోనుకు, ఎప్పుడు, ఎవరు రద్దు చేశారో కూడా ఉంటుంది. ఇప్పుడు ఆ రద్దు చేసే బటన్ వ్యాపారి చేతిలోనే ఉంది. మొన్న పొరపాటున తన ఫోనునే రద్దు చేసుకుని నాకు ఫోను చేశారు.